వదిలితేనే నిలిచే లంగరు

కొళాయి కింద ఆఖరి బిందె నిండుతోంది. శిల్ప ఒక చేత్తో బిందె అంచు పట్టుకుని, రెండో చేతిలోని ఫోన్ వైపే చూస్తోంది. బిందె నిండి నీళ్ళు పాదాల మీదికి పొర్లాక గానీ ఆమె ఈ లోకంలోకి రాలేదు. గబగబా పైపు తీసి, పక్కింటికీ తమ ఇంటికీ మధ్య ఉన్న గోడ మీదికి ఎత్తి పట్టుకుంది. అవతల నుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి అందుకోవాలి. రోజూ జరిగేది అంతే. రెండిళ్ళకూ ఒకటే కొళాయి. ఇటు బిందెలు నిండాక పైపు గోడెక్కుతుంది, అటు డ్రమ్ము నిండాక తిరిగి వస్తుంది. పైపు వస్తుంది గానీ దాని వెంట మాట రాదు.

ఈ మూగనోము ఎందుకో కిందటి వారం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మైదుకూరుకు దగ్గర్లో, వాన కోసం ఆకాశం చూసే పల్లెలో పుట్టిన శిల్ప సరుకుల ఓడల మీద ఆఫీసరైంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె చెప్పిన కబుర్లకు పక్కింటి అన్సార్ మనసు పారేసుకున్నాడు. ఆమె చూపించిన దారినే పోయి ఓడలో కళాసీ అయ్యాడు. "నీ బిడ్డ పోయింది చాలక నా బిడ్డను గూడా నీళ్ళపాలు చేసింది" అని అన్సార్ తల్లి జులేఖా బీ ఒకనాడు శిల్ప తల్లి కృష్ణవేణమ్మ ముఖాన అనేసింది. అన్నాక మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఆ మాట కృష్ణవేణమ్మకు ముల్లులా దిగింది. భర్త పోయినాక తనకున్న ఒక్క దిక్కూ కూతురే. "ఇంగ నువ్వు గూడా పోవద్దు. కంపెనీకి రానని చెప్పేయ్" అని పట్టుబట్టింది. శిల్ప అవుననలేదు, కాదనలేదు. తల్లి దాన్ని ఒప్పుదల కింద జమకట్టుకుంది. ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం లేచి బెంగాల్ వైపు తిరిగింది. అన్సార్ పనిచేసే బొగ్గు ఓడ 'కనకమాల' సరిగ్గా ఆ దారిలోనే, కలకత్తాకు పోయే హుగ్లీ నదిలో, లంగరు వేసుకుని నిలబడి ఉంది.

ఈ పొద్దు గోడ మీది పైపును అందుకోవడానికి చెయ్యి రాలేదు. నీళ్ళు గోడ వెంట కారి శిల్ప కాళ్ళ దగ్గరే మడుగు కట్టాయి. శిల్ప పైపు దించి కొళాయి కట్టేసింది. అప్పుడు గేటు కిర్రుమంది.

జులేఖా బీ! పైట చెంగులో ఫోన్ చుట్టి పట్టుకుని, గేటుకు లోపల ఒక అడుగు, బయట ఒక అడుగు పెట్టి నిలబడింది.

"శిల్పా, వాడు యాడుండాడో చూపీయ్."

అంతే అంది. ఇన్నాళ్ళ కోపమూ ఆ గేటు దగ్గరే జారిపోయినట్టు ఉంది ఆ గొంతు. వంటింట్లోంచి కృష్ణవేణమ్మ సంగటి కట్టె చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"లోపలికి రా జులేఖా. ఆడనే నిలబడతావేంది?"

"వస్తాలే అక్కా. ముందు నా బిడ్డను చూడనీ."

శిల్ప తన ఫోన్ ఆమె కళ్ళ ముందు పెట్టింది. ఓడలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే యాప్ అది. నది వెడల్పుగా, వంకరగా పరుచుకుని ఉంది. దాని నిండా రంగురంగుల బాణం గుర్తులు. సంతరోజు రోడ్డు పక్కన లారీలు నిలబెట్టినట్టు, ఒకదాని వెనక ఒకటి.

"ఇన్ని ఓడలా! ఇది ఏరా, బస్టాండా?"

"ఏరే అత్తా. శానా రద్దీ ఏరు. పైకి పోయేటివి, కిందికొచ్చేటివి, నీళ్ళు ఎక్కేదాకా కాసుకోనుండేటివి. ఇదో, ఈ పచ్చ గుర్తు కనకమాల. దీనెనక ఎర్రది నూనె ఓడ."

జులేఖా బీ కళ్ళు చికిలించి చూసింది. "మూతి సముద్రం దిక్కు పెట్టినాడే! నిన్న ఫోన్లో ఊరి దిక్కు తిరిగుండామని చెప్పె గదా. చెప్పకుండానే పోతాండాడా?"

"పోవడంల్యా అత్తా. ఆ ఏరు పూటకొక దిక్కు పారుతాది. సముద్రం పొంగితే నీళ్ళు ఎనక్కి ఎక్కుతాయి. అది పోటు. లంగరేసిన ఓడ ఎప్పుడూ నీళ్ళకు ఎదురు తిరిగి నిలబడతాది. పొద్దున్నే పోటు మొదలైంది, ఓడ సముద్రం దిక్కు తిరిగింది. మల్లా నీళ్ళు దిగేటప్పుడు ఊరి దిక్కు తిరుగుతాది."

"ఏరు ఎనక్కి పారుతాదా?" జులేఖా బీ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మన కుందూ ముందుకు పారేదే గొప్ప!"

కృష్ణవేణమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. జులేఖా బీ మాత్రం నవ్వలేదు. అసలు భయం ఇంకా కడుపులోనే ఉంది.

"అది గాదు శిల్పా. తెల్లారి నమాజప్పుడు ఫోన్ చేసినాడు. గాలి ముదురుతాందంట. దానికి వాళ్ళు ఇంగా లంగరు గొలుసు వదుల్తారంట! ఎనుము బెదిరితే ఏం చేస్తాం? పలుపు కురచ చేసి కట్టేస్తాం. ఇంగా వదుల్తామా? ఆ కెప్టెన్ కొంపలో ఒక్క గొడ్డు గూడా లేదా?"

ఈ ప్రశ్న వింటే ఓడల మీద ఎవరైనా పగలబడి నవ్వుతారు. శిల్ప నవ్వలేదు. ఓడ ఎక్కిన కొత్తలో ఆమెకూ ఇదే అనుమానం వచ్చింది. నేలలో గూటం పాతి ఎనుమును కట్టే ఊరి నుంచి పోయిన వాళ్ళకు రాక మానదు. నోటితో చెబితే ఇది దిగేది కాదు. ఆమె గొడ్ల కొట్టం లోపలికి పోయి, బావిలో పడిన బిందెలను తీసే ఇనుప గాలం తెచ్చింది. నాలుగు కొక్కేలు, పొడుగాటి తాడు. దాన్ని తీసుకొచ్చి కొళాయి దగ్గరి బురదలో పడేసింది.

"ఇది లంగరు అనుకో అత్తా. దగ్గరికొచ్చి నిలబడు. తాడు కురచగా పట్టుకో. ఇప్పుడు లాగు."

జులేఖా బీ వంగి లాగింది. తాడు పైకి లేచింది, గాలం కూడా దాంతోపాటే లేచి ఆమె కాళ్ళ మధ్యకు ఎగిరొచ్చింది. చీర మీద బురద చుక్కలు పడ్డాయి.

"ఇప్పుడు గేటు కాడికి పో. తాడంతా నేల మీద పండుకోవల్ల. ఆడనుంచి లాగు."

ఈసారి గాలం ఎగరలేదు. కొక్కేలు మూతి కిందికి పెట్టి బురదలోకి దిగాయి. లాగేకొద్దీ ఇంకా దిగాయి. జులేఖా బీ రెండు చేతులా పట్టి, వెనక్కి వాలి బలంగా గుంజేసరికి గాలం కదల్లేదు గానీ ఆమే గేటుకు తగులుకుంది.

"అబ్బా! ఇదేంది, భూమి కరుచుకున్నట్టుండాది!"

"అదే అత్తా. లంగరు ఒక్కటే ఓడను ఆపదు. గొలుసు నేల మీద పండుకుంటేనే లంగరు మట్టిని కరుచుకుంటాది. కురచ చేస్తే దాని మూతి పైకి లేస్తాది. గాలొచ్చినప్పుడు వదల్లేదనుకో, అప్పుడు భయపడల్ల."

జులేఖా బీ బురద చేతులతోనే మోకాళ్ళు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చెంప మీద బురద గీత పడింది. కృష్ణవేణమ్మ మెట్లు దిగి వచ్చి తన పసుపురంగు చీర చెంగుతో ఆ గీతను తుడిచింది.

సరిగ్గా అప్పుడే వీధిలో మోపెడ్ చప్పుడైంది. స్టాండ్ కూడా సరిగా వేయకుండా జులేఖా బీ భర్త దాదా ఖలందర్ లోపలికి దూసుకొచ్చాడు. బోరుబండి మీద బతుకంతా గడిపినవాడు. మాట్లాడితే నాలుగు వీధులకు వినబడుతుంది.

"ఆపిచ్చేసినా! జులేఖా, నువ్వు ఈడుండావా? మంచిదైంది. గొలుసు వదలకుండా ఆపిచ్చేసినా!"

శిల్ప ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏం చేసినావు మామా?"

"విశాపట్నంలో ఓడ కంపెనీ ఆపీసుకు ఫోన్ చేసినా. నా కొడుకు ఓడను విప్పేస్తాండారు, బిగించమని చెప్పినా. మొదట నా మాట యాడ ఇన్యాడు? నువ్వెవురు, కళాసీ నాయనవి, నీకేం తెల్సు అన్యాడు. అప్పుడేసినా చూడు దెబ్బ! నీ పేరు చెప్పినా పాపా."

"నా పేరా? ఏమని?"

"మా ఊరి ఆఫీసరమ్మ శిల్ప చెప్పింది, గొలుసు వదలద్దంది, ఉండేది గూడా బిగించమంది అని. టక్కున మాట మారింది! 'శిల్ప మేడం చెప్పారా?' అని ఒకటికి రెండుసార్లు అడిగినాడు. నీ పేరుకు ఆడ శానా ఇలువుండాది పాపా!"

ఆయన ముఖం వెలిగిపోతోంది. ఎదురుగా ఉన్న ముగ్గురు ఆడవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. ముందుగా తేరుకున్నది జులేఖా బీయే.

"ఓ పెద్దమనిషీ, ఎంత పని చేసినావయ్యా! గాలికి పోయే కంపను తెచ్చి బిడ్డకు తగిలిస్తివే!"

"నేనేం చేసినా? బోరు దింపేటప్పుడు వైరు వదులైతే రాడ్లన్నీ..."

"నీ బోరు తగలబడ! ఆ తాడు పట్టుకోని లాగి చూడు, తెలుస్తాది!"

"మామా, బోరు నిలువు పని. ఇది అడ్డం పని" అంది శిల్ప. అంతకంటే చెప్పే తీరిక లేకపోయింది. చేతిలో ఫోన్ మోగింది.

చేసింది విశాఖ ఆఫీసులోని లేవి. ఓడల మీదికి మనుషులను పంపేదీ, వాళ్ళ బాగోగులు చూసేదీ అతనే. మర్యాదగా మాట్లాడతాడు, మధ్యమధ్య మర్యాదగానే గిచ్చుతాడు. శిల్ప స్పీకర్ నొక్కింది. మాట్లాడుతూనే వేలితో ఓడల బొమ్మ తెరిచింది.

"గుడ్ మార్నింగ్ మేడం. మీరు చెప్పారని కెప్టెన్ గారికి చెప్పాను. ఆ నూనె ఓడ వెనకాలే దగ్గరగా ఉంది కదండీ, గొలుసు వదలాలా వద్దా అని ఆయనా ఊగిసలాడుతున్నారు. మీ పేరు చెప్పగానే, 'శిల్ప ఈ చోట నాతో లంగరు వేసింది, ఏదో చూసే చెప్పి ఉంటుంది' అని ఆపేశారు. ఇంతకీ కారణమేంటో చెబితే నేను రాసుకుంటాను."

తన మాట మీద గొలుసు ఆగింది. తను అనని మాట మీద! అంతలో ఆమె కళ్ళు ఫోన్ తెర మీద ఆగిపోయాయి.

లంగరేసిన ఓడ ఊరికే ఉండదు. పోటుకూ ఆటుకూ అటూ ఇటూ తిరుగుతూ, తాడుకు కట్టిన దూడ నేల మీద వేసినట్టు, ఒక గుండ్రటి జాడ వేస్తుంది. నిన్నటి నుంచి కనకమాల వేసిన జాడ తెర మీద సన్నగా, గుండ్రంగా కనిపిస్తోంది. ఆ పచ్చ బాణం ఎంత తిరిగినా ఆ గుండ్రం లోపలే ఉండాలి.

ఇప్పుడది గుండ్రం దాటి బయట ఉంది. తోక ఎర్ర బాణం వైపు.

"లేవి గారూ, నేను ఆ మాట చెప్పలేదు. అది తరవాత మాట్లాడుకుందాం. ఓడ జారుతోంది. లంగరు పట్టు వదిలేసింది. కెప్టెన్‌కు లైను కలపండి."

అవతల లేవి చిన్నగా నవ్వాడు.

"మేడం, పొద్దున బిగించమన్నారు. ఇప్పుడు జారుతోందంటున్నారు. మధ్యాహ్నానికి ఎగురుతోందంటారా? ఓడలో రాడార్ ఉంది, జీపీఎస్ ఉంది, జారితే మోగే అలారం ఉంది. అవేవీ చూడనిది మైదుకూరులో మీకు కనిపించిందా?"

"పోటుకు ఓడ తిరిగేటప్పుడు ఆ అలారం ఎట్లాగూ మోగుతుంది. విసుగొచ్చి అందరూ దాన్ని నొక్కేస్తారు. తిరగడం అయిపోయాక మళ్ళీ పెట్టడం మరిచిపోతారు. గాలీ పోటూ రెండూ సముద్రం వైపు నుంచే తోస్తున్నాయి. కలపండి లేవి గారూ!"

"చూడండి, మీ మాట ఇప్పటికే ఒకసారి కెప్టెన్ పని ఆపించింది. రెండోది కూడా తప్పయితే మీ ఉద్యోగం సంగతి నేను హామీ ఇవ్వలేను."

దాదా ఖలందర్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. తప్పు తనదని చెప్పడానికి నోరు తెరిచాడు, శిల్ప చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇప్పుడు ఎవరిది తప్పో తేల్చుకుంటూ కూర్చుంటే ఆ పచ్చ బాణం ఆగదు. అప్పటిదాకా మాట్లాడని కృష్ణవేణమ్మ ముందుకు వచ్చింది. కూతురి భుజం తట్టింది.

"ఉద్యోగం పోతే పోనీలే పాపా. ఎట్లాగూ మానేస్తాండావు గదా, వానికి భయపడేదేంది? గట్టిగా చెప్పు!"

శిల్ప తల్లి ముఖం చూసింది. ఒక మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. అది విప్పే వేళ కాదిది.

"నా ఉద్యోగం తీసెయ్యండి లేవి గారూ. ముందు లైను కలపండి."

ఏమనుకున్నాడో, లేవి కలిపాడు. ముందు హోరు వినబడింది. బోరుబండి పక్కన నిలబడితే వచ్చే మోత లాంటిది. అది గాలి అని తెలియడానికి కాస్త సేపు పట్టింది. ఆ హోరులోంచి కెప్టెన్ గొంతు, హిందీలో.

"శిల్పా! గొలుసు వద్దని ఎందుకన్నావు?"

"నేను అనలేదు సార్. ఓడ జారుతోంది. ఒడ్డున రెండు ఇటుక బట్టీ పొగగొట్టాలు ఉంటాయి కదా, అవి మునుపటి దిక్కులోనే కనిపిస్తున్నాయో లేదో చూడండి."

"ఏం గొట్టాలు! వానలో నా ఓడ ముక్కే నాకు కనబడటం లేదు."

"అయితే గొలుసు మీద చెయ్యి పెట్టించండి సార్. ముందుకు మనిషిని పంపండి."

కెప్టెన్ ఎదురు మాట్లాడలేదు. మంచి కెప్టెన్‌కు కోపం ఉంటుంది, దానికంటే ముందు అనుమానం ఉంటుంది. వాకీటాకీ గరగరలాడింది. ఓడ ముందుభాగంలో ఎవరున్నారని అడగడం, గొలుసు మీద అరచెయ్యి ఆనించి చూడమనడం ఫోన్‌లోంచి వినబడింది. లంగరు గట్టిగా పట్టి ఉంటే గొలుసు బిగుసుకుని ఊరుకుంటుంది. అడుగు మట్టిని గీరుకుంటూ ఈడ్చుకుపోతుంటే ఆ వణుకు గొలుసు వెంట పైదాకా వస్తుంది. చేతికి తెలుస్తుంది. నదిలో తరతరాలుగా ఓడవాళ్ళు అట్లాగే చూసుకుంటారు.

వాకీటాకీలో సమాధానం వచ్చింది. గాలి మింగగా మిగిలిన గొంతు.

"వణుకుతోంది సార్! గడగడా వణుకుతోంది! చెయ్యి నిలవడం లేదు!"

"అన్సార్!" జులేఖా బీ కేక పెట్టింది. "నా బిడ్డ! అది నా బిడ్డ గొంతు!"

తరువాత అన్నీ ఒక్కసారే జరిగాయి. కెప్టెన్ గర్జన, గంట చప్పుడు, 'ఇంజన్ ముందుకు, రెండో లంగరు సిద్ధం' అన్న అరుపు, ఎవరో పరిగెత్తిన బూట్ల మోత. ఠక్కున లైను తెగిపోయింది.

పల్లె మీద ఎండ చిటపటలాడుతోంది. ఆకాశంలో దూదిపింజె అంత మబ్బు లేదు. ఆ వాయుగుండం ఇక్కడి మబ్బులను కూడా తన వెంట ఈడ్చుకుపోయినట్టుంది. ఆ ఎండలో నలుగురు మనుషులు ఒక ఫోన్ చుట్టూ తలలు ఆనించి, ఎక్కడో కురుస్తున్న వానలో కొట్టుకుపోతున్న ఓడను చూస్తున్నారు.

పచ్చ బాణం కదిలింది. ఎర్ర బాణం వైపే.

"ఇట్లొస్తాదేంది! అట్ల పొమ్మను!" అన్నాడు ఖలందర్.

"ఇది కొంచెం ఆలస్యంగా చూపిస్తాది మామా. ఇప్పుడు చూసేది ఇంతకుముందు జరిగింది."

"అయితే ఇప్పుడేం జరుగుతాంది?"

నూనె ఓడకు ఏమైనా తగిలితే ఏమవుతుందో శిల్పకు తెలుసు. తెలిసింది చెప్పలేదు. రెండు బాణాలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. పచ్చా ఎరుపూ మధ్య వెంట్రుక వాసి కూడా సందు లేదు. జులేఖా బీ కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. కృష్ణవేణమ్మ ఆమెను పొదివి పట్టుకుంది.

తెర ఒకసారి మిణుకుమంది. బాణాలు అట్లాగే ఉన్నాయి.

మళ్ళీ మిణుకుమంది. అట్లాగే.

మూడోసారి మిణుకుమన్నప్పుడు రెంటి మధ్యా సన్నటి నీలి గీత కనిపించింది. నది! శిల్ప వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. గీత కాస్త వెడల్పయింది. చూస్తుండగానే ఇంకాస్త. పచ్చ బాణం సముద్రం వైపుకు, గాలికీ పోటుకూ ఎదురుగా, ముక్కు పెట్టి పాకుతోంది.

"పోతాంది! ముందుకు పోతాంది అత్తా! ఇంజన్ లాగుతాంది!"

ఖలందర్ అక్కడే బురదలో నిలబడి రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడు. "యా అల్లా, యా ఒంటిమిట్ట రామయ్యా" అంటూ అందరినీ కలిపి పిలిచేశాడు. ఎవరినీ వదిలిపెట్టే ధైర్యం లేకపోయింది పాపం.

చాలాసేపటికి జులేఖా బీ చెంగులోని ఫోన్ మోగింది. నలుగురూ ఒకేసారి దానిమీద పడ్డారు.

"అమ్మీ! అమ్మీ, నేనే!"

"ఒరే నా కొడకా, బతికుండావా!"

"బతికుండేదేంది, ఎగుర్తాండా! ఏం గాలి అమ్మీ అది! నూనె ఓడ ఎంత దగ్గరికొచ్చిందనుకున్యావు, వాళ్ళ ముఖాలు కనపడతాండె! ఒకడు చేతిలో టీ గ్లాసు పట్టుకోని అట్లనే నిలబడిపోయినాడు. నేను రెండో లంగరు బ్రేకు విప్పినా చూడు, గొలుసు దబదబమని దూకింది, తుప్పంతా లేచి మన ఎర్రమట్టి దుమ్ము మాదిరి కమ్మేసింది. కళ్ళల్లో దుమ్ము, నెత్తిన వాన! కెప్టెన్ నన్ను వాటేసుకున్యాడు అమ్మీ!"

"ఒరే, గొలుసు ఎంత వదిలినార్రా?" ఖలందర్ గొంతు సవరించుకుని అడిగాడు.

"ఇంజన్ ముందుకు లాగినాక వదిల్నాం నాయనా. చాలా వదిల్నాం."

"మంచి పని చేసినారు. నేనూ అదే అనుకుంటాంటి."

జులేఖా బీ బురద చేత్తో మొగుడి వీపు మీద ఒక్కటి వేసింది. కృష్ణవేణమ్మ నవ్వి నవ్వి స్తంభానికి ఆనుకుంది. ఈ ఇంట్లో ఇంత నవ్వు వినబడి చాలా కాలమైంది. శిల్ప కూడా నవ్వుతోంది. ఒళ్ళంతా అప్పుడే నీళ్ళలోంచి లేచినట్టు తేలికగా ఉంది. జులేఖా బీ ఆమె తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"కృష్ణవేణక్కా, ఆ పొద్దు నేనన్న మాట ఎనక్కి తీసుకుంటాండా. నీ బిడ్డ లేకుంటే ఈ పొద్దు నా బిడ్డ లేడు."

"ఊరుకో జులేఖా. లోపలికి రా, సంగటి సల్లారిపోతాంది" అంది కృష్ణవేణమ్మ. కళ్ళు నిండుగా ఉన్నాయి.

ఫోన్‌లో అన్సార్ ఇంకా ఆగలేదు. సంతోషంతో ఉన్నవాడి నోటికి గూటమూ లేదు, పలుపూ లేదు.

"అక్కా, ఆడనే ఉండావా? కెప్టెన్ నీకొక మాట చెప్పమన్యాడు. సోమవారం నువ్వెక్కేటప్పటికి గాలి తగ్గిపోతాదంట, హల్దియా రేవులోనే ఎక్కమన్యాడు. నీ కేబిన్ తలుపుకు నీ పేరు గూడా రాసేసినారు. వస్తానని కంపెనీకి ఎప్పుడో చెప్పేసినావంట గదా! నాకొక్క మాట చెప్పల్యా నువ్వు. మనిద్దరం ఒకే ఓడ అక్కా! అమ్మీ, ఇన్యావా? ఇంగ నీకు దిగులే లేదు!"

"అలో, అలో" అంటున్నాడు అన్సార్. జులేఖా బీ ఫోన్ చెంగులో కప్పేసింది.

శిల్ప తల ఎత్తింది. తల్లి స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడి ఉంది. ముఖంలో కోపం కనిపించలేదు. కోపమైనా ఉంటే బాగుండేది.

"అమ్మా, నేనే చెప్పల్లనుకుంటాంటి..."

కృష్ణవేణమ్మ వినలేదో, విననట్టు ఉందో. చేతిలో ఇంకా ఉన్న సంగటి కట్టెను మెట్టు మీద నెమ్మదిగా పెట్టింది. పైట సవరించుకుంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. గడప దాటి పక్క వీధికి పోతున్నా, గొడ్డుకు గడ్డి తేవడానికి పోతున్నా, 'పోయొస్తా' అని చెప్పకుండా ఈ ఊళ్ళో ఏ ఆడమనిషీ ఇల్లు కదలదు.

"అక్కా, యాడికి?" జులేఖా బీ పిలిచింది.

కృష్ణవేణమ్మ గేటు తీసి వెళ్ళిపోయింది.

తిరిగొస్తుందేమోనని కాసేపు చూసి, ఇక ఆగలేక శిల్ప పరుగున గేటు దాకా పోయి చూసింది. పొలం దారిలో అమ్మ లేదు. కుడివైపు, ఊరి చివర పెద్ద రోడ్డు మీద కడప బస్సు ఆగి ఉంది. కడపలో వాళ్ళకు చుట్టమన్నవాళ్ళు ఎవరూ లేరు. నాన్న పోయినాక అమ్మ ఒంటరిగా బస్సు ఎక్కిందే లేదు. బస్సు మెట్టు మీద పసుపురంగు చీర చెంగు ఒక్కసారి కనిపించింది. తలుపు మూసుకుంది.